అమ్మోరికిచ్చిన జుట్టు

మా అత్తగారి వైపు వాళ్ల వాట్సాప్ గ్రూపులో మొన్న ఒక వీడియో వచ్చింది. ఎక్కడో ఒక కాలేజీ గేటు దగ్గర ఒక అమ్మాయిని ఆపి, తలమీది స్కార్ఫ్ తీస్తేనే లోపలికి రానిస్తామంటున్నారు. ఆ అమ్మాయి పుస్తకాలు గుండెకు అదుముకుని నిలబడి ఉంది. ఇక చూడాలి మా వాళ్ల సందడి. రాజమండ్రి ఆడపడుచుది ఒక వాదం, హైదరాబాదు మరిదిది ఇంకో వాదం. పెళ్లి భోజనాల దగ్గర తప్ప నోరు విప్పని బాబాయిగారు కూడా పొడుగాటి పేరాలు రాసి పారేశారు. చివరికి ఎవరో నన్ను లాగారు. "వదినా, మీ సౌత్ ఆఫ్రికాలో ఎలా? అక్కడా ఈ గొడవలున్నాయా?" అని. "ఇక్కడ అలాంటివేం లేవు" అని టైపు చేశాను. పంపబోతూ ఆగి, ఒక్కో అక్షరం చెరిపేశాను. ఉన్నాయని రాయడానికీ ధైర్యం చాలలేదు. రాస్తే నేనేం చేశానో కూడా రాయాలి.

నేను పుట్టి పెరిగింది డర్బన్‌కి ఉత్తరాన, టోంగాట్‌లో. మా ముత్తాత చెరుకు కొట్టడానికి ఓడెక్కి వచ్చినవాడు. ఇప్పుడు నేను రాస్తున్న ఈ తెలుగు నాకు పెళ్లితో వచ్చింది. ఇక్కడ తెల్లవాళ్ల పాలన పోయాక, గోదావరి వైపు నుంచి ఉద్యోగానికి వచ్చిన ఇంజనీరును చేసుకున్నాను. ఆయన ఎదురుగా కూర్చుని, మా అత్తగారు ఫోన్లో కూర్చుని నా ఒత్తులూ దీర్ఘాలూ దిద్దారు. అంతకుముందు నాకున్న తెలుగంతా మా అవ్వ తిట్లు, అవ్వ వంటలు, అవ్వ మొక్కులు. మిగతా బతుకంతా ఇంగ్లీషే. నేను చెప్పబోయే నా బడి నేస్తంతో మాట్లాడిందీ ఇంగ్లీషే. తెలుగులో రాస్తుంటే ఆమె గొంతు కొంచెం మారుతుంది, ఏం చేయను.

వాళ్ల నాన్న రొట్టెల వ్యాను నడిపేవాడు. తెల్లారకముందే బేకరీకి పోయి, ఊళ్లో కొట్లన్నిటికీ రొట్టెలు వేసి, తిరిగొచ్చేటప్పుడు మమ్మల్ని బడి దగ్గర దింపేవాడు. వ్యాను వెనక ఖాళీ ట్రేల మధ్య కూర్చునేవాళ్లం. నలిగిపోయి కొట్టువాళ్లు వద్దన్న రొట్టె ఒకటి ఎప్పుడూ మాకోసం ఉండేది. ఇంకా వేడిగా ఉండేది. మా అవ్వ పెట్టిన మామిడికాయ అచ్చార్ నేను చిన్న సీసాలో తెచ్చేదాన్ని. రొట్టె మధ్యలో వేలితో గుంట చేసి, అందులో అచ్చార్ పోసి, నూనె యూనిఫాం మీద కారకుండా ముందుకు వంగి తినేవాళ్లం. ఎంత వంగినా కారేది. మేమిద్దరం క్లాసులోకి అడుగుపెడితే ఆవపిండి వాసనకు లెక్కల టీచరు కిటికీ తెరిచేది. లెక్కల్లో నా నేస్తానిదే మొదటి మార్కు కాబట్టి ఏమీ అనేది కాదు. మందుల షాపు పెడతానని, ఫార్మసీ చదువుతానని ఆమె అప్పటికే తేల్చేసుకుంది. నేను మధ్యాహ్నం ఏం తినాలో కూడా తేల్చుకోలేని దాన్ని.

చెరుకు కొట్టే కాలం వస్తే మా ఊరికి రెండు వాసనలు. పొద్దున మిల్లు నుంచి బెల్లప్పాకం అడుగంటిన వాసన, సాయంత్రం తోటలు కాల్చిన పొగ. ఆకాశం నుంచి నల్లటి మసి పేలికలు రాలి, ఆరేసిన బట్టల మీద వాలేవి. అవ్వ వరండాలోంచి కేక పెట్టేది. "ఏటే గుంటలూ, గుడ్డలు తియ్యండే! మసి పడతంది, కళ్లు లేవా!" అవ్వ చిన్నప్పుడు ఆ తోటల్లోనే పనిచేసింది. తోటల్లో దొరలకీ కూలీలకీ మధ్య నడిచిన కలగాపులగం భాష ఆమె నాలుక మీద మిగిలిపోయింది. వద్దనాలంటే "ఐకోనా!" అనేది. ఆ ఒక్క మాటతో మా నాన్నని కూడా కూర్చోబెట్టేది.

ఓట్లు జరిగిన సంవత్సరం అది. తెల్లవాళ్లూ నల్లజాతి జులూలూ మేమూ ఒకే వరుసలో నిలబడి ఓటేయడం అంతకుముందు లేదు. అవ్వ పట్టుచీర కట్టి, కొంగు తలమీదికి లాక్కుని నిలబడింది. వరుస కదలదు, ఎండ తగ్గదు. ముందున్న జులూ ముసలమ్మ తను తెచ్చుకున్న పీటలో సగం అవ్వకిచ్చింది. ఇద్దరూ ఆ పీట మీద ఇరుక్కుని కూర్చుని, ఎవరి భాషలో వాళ్లు కబుర్లాడుకున్నారు. నా నేస్తం వాళ్ల నాన్న వ్యాను తెచ్చి, వరుసలో ఉన్నవాళ్లకి రొట్టెలు పంచాడు. సాయంత్రం ఇంటికొచ్చాక అవ్వ చీర మార్చుకోలేదు. "ఓటేసినాను. నాకూ ఒక గీత ఉన్నాది ఈ దేశంలో" అని పడుకునేదాకా అంటూనే ఉంది.

మా హెడ్మాస్టరుకి ఆ సంవత్సరం పండగే. ఆయన కూడా ఇండియన్. పాత ప్రభుత్వం ఆయన్ని ఆరు నెలలు లోపల పెట్టిందని ఊరందరికీ తెలుసు. మంచి మనిషి. ఈ మాట ముందే చెప్తున్నాను, తర్వాత మీరు కోపం తెచ్చుకుంటారని. అంతవరకూ ఇండియన్లకే ఉన్న మా బడిలో కొత్తగా జులూ పిల్లలు చేరారు. అసెంబ్లీలో ఆయన మెట్టు మీద నిలబడి, "ఈ గేటు లోపల హిందువు లేడు, ముస్లిం లేడు, జులూ లేడు, ఇండియన్ లేడు. మనల్ని విడగొట్టినవాళ్లు పోయారు. ఇక అందరిదీ ఒకటే యూనిఫాం" అన్నారు. మేం చప్పట్లు కొట్టాం. అందరికంటే ఎక్కువసేపు కొట్టింది నా నేస్తమే.

ఆ చలికాలం నాకు టైఫాయిడ్ వచ్చింది. ఆసుపత్రిలో మూడు వారాలున్నాను. నాకు స్పృహ లేని రోజుల్లో అవ్వ అమ్మోరికి మొక్కుకుంది, పిల్ల లేచి తిరిగితే దాని జుట్టంతా ఇస్తానని. నేను లేచి తిరిగాను. నడుం కింద దాకా ఉండేది నా జడ. బడిలో అంత జడ ఇంకెవరికీ లేదు. నాకున్న గర్వమంతా అందులోనే ఉండేది.

ఇంట్లో పెద్ద యుద్ధం జరిగింది. "ఆడపిల్లకి మూడు కత్తెరలు చాలు. అందరూ అదే చేస్తారు" అంది అమ్మ. అమ్మ ఒక లాయరు ఆఫీసులో టైపిస్టు, వాదించడం వచ్చు. "నాను మూడు కత్తెర్లని మొక్కలేదు. అంతా అని మొక్కినాను. అమ్మోరి కాడ బేరం ఆడతావేటి?" అంది అవ్వ. నాన్న మిల్లులో షిఫ్టు మనిషి. నిద్ర చాలని మొహంతో అటూ ఇటూ చూసి, "ఆసుపత్రిలో డాక్టరే చేతులెత్తేశాడు కదే. అమ్మ మొక్కుకుంది. ఇచ్చేద్దాం" అన్నాడు.

నది పక్కన రేకుల గుడి. అంబలి కాగుతున్న పుల్లటి వాసన, వేపాకు, కర్పూరం. మంగలి కత్తి చల్లగా తగిలింది. అవ్వ నా ముందు చేట పట్టుకుని కూర్చుంది. జుట్టు అందులో పడుతుంటే ఆమె ఏడుస్తోంది, నవ్వుతోంది. నేనేమో పళ్లు బిగించి కూర్చున్నాను. తర్వాత గుండుకి గంధం, పసుపు పూశారు. గాలి తగిలితే జిల్లుమంది. ఇంటికొచ్చి దుప్పటి ముసుగేసుకుని పడుకుని, బడికి పోయేది లేదని చెప్పేశాను.

రెండోరోజు నా నేస్తం వచ్చింది. దుప్పటి లాగింది. నా గుండుని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత, "నీ చెవులు ఇంత పెద్దవని నాకు తెలీదు" అంది. నేను ఏడుపు మొదలుపెట్టేలోపే తన సంచిలోంచి తెల్ల స్కార్ఫ్ తీసింది. మధ్యాహ్నం మదరసాకు పోయేటప్పుడు కట్టుకునేది. బడిలో ఎప్పుడూ కట్టుకోలేదు. వాళ్లమ్మ కూడా బజారుకు పోయేటప్పుడు ఓణీ కొస తలమీద వేసుకునేదే తప్ప బిగించి కట్టేది కాదు. ఆమె నన్ను అద్దం ముందు కూర్చోబెట్టి, నుదుటి దగ్గర మడత ఎలా పెట్టాలో, గడ్డం కింద పిన్ను ఎలా గుచ్చాలో చూపించింది.

"అందరూ నన్నే చూస్తారు" అన్నాను.

"ఇద్దరం కట్టుకుందాం. అప్పుడు సగం మందే నిన్ను చూస్తారు."

సోమవారం ఇద్దరం తెల్ల స్కార్ఫులతో వ్యాను దిగాం. వాళ్ల నాన్న అద్దంలో మమ్మల్ని చూసి గొణిగాడు, "ఇదేం కొత్త వేషం? లేనిపోని తంటా" అని. నా చేతిలో అమ్మ టైపు చేసిన ఉత్తరం ఉంది. టైఫాయిడ్ జ్వరం తర్వాత మా అమ్మాయి జుట్టు తీసేయవలసి వచ్చింది, పెరిగే వరకు తల కప్పుకోవడానికి అనుమతించగలరు, అని. చూడండి ఎంత జాగ్రత్తగా రాసిందో. ఒక్క మాటా అబద్ధం కాదు, అమ్మోరి ఊసే లేదు. హెడ్మాస్టరు చదివి నా భుజం తట్టి, "హాయిగా కట్టుకో అమ్మా" అన్నారు. నా పక్కనున్న ఆమెను చూసి నవ్వారు. తోడుగా కట్టుకుందనుకున్నారు. అప్పటికి నిజమూ అదే.

స్కార్ఫుకి లాభాలున్నాయని త్వరలోనే తెలిసింది. మా అన్న దగ్గర చిన్న రేడియో ఉండేది. దాని వైరు బ్లేజరు చేతిలోంచి పైకి లాగి, స్కార్ఫు కింద చెవిలో పెట్టుకుని భూగోళం క్లాసులో క్రికెట్ విన్నాను. వికెట్ పడితే రబ్బరు కింద పడేయాలని ఒప్పందం. ఒక మధ్యాహ్నం నాలుగుసార్లు రబ్బరు పడేశాను. నాలుగోసారి ఆమె ముందు బెంచీలోంచి కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. టీచరు ఆమెను బయట నిలబెట్టింది. ఆమె నా పేరు చెప్పలేదు.

రెండు వారాలకి నాకు కొంచెం ధైర్యం వచ్చింది. "ఇక నువ్వు తీసేయొచ్చులే. అందరికీ అలవాటైపోయింది" అన్నాను. ఆమె కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటోంది. నీళ్లు కట్టేసి చేతులు స్కర్టుకి తుడుచుకుంది.

"నాకు తీయాలని లేదు. చాలా రోజులుగా కట్టుకోవాలనే ఉంది. భయమేసేది. నీకోసమని కట్టుకుంటే భయం పోయింది. ఇప్పుడు ఇది నాది" అంది.

నాకు అర్థం కాలేదు. నిజం చెప్పాలంటే కొంచెం కోపం కూడా వచ్చింది. నాకోసం మొదలుపెట్టింది నాకోసమే ఆగిపోవాలనిపించింది.

నెల తిరిగేసరికి ఇంకో ఇద్దరు ముస్లిం పిల్లలు తామూ కట్టుకుంటామని వాళ్లమ్మలని అడగడం మొదలుపెట్టారు. హెడ్మాస్టరు నా నేస్తాన్ని పిలిచారు. తోడు చాలించమన్నారు. తోడు కాదు సార్, ఇది మా మతం అని ఆమె చెప్పింది. ఆయనకి కోపం రాలేదు, బాధ కలిగింది. "ఇన్నేళ్లూ మనల్ని విడివిడిగా కూర్చోబెట్టారు. ఇప్పుడు మనంతట మనమే విడిపోతే ఎలా అమ్మా?" అన్నారట. "మరి నా నేస్తం కట్టుకుంటే విడిపోలేదా సార్? ఆమెది కూడా మొక్కే" అని అడిగిందట ఆమె. ఆయన అమ్మ ఉత్తరం బయటికి తీశారు. జ్వరం అని ఉంది. పేరెంట్స్ కమిటీ శనివారం తేలుస్తుందని, ఆ లోపు ఆమెను క్లాసులో కూర్చోనిస్తామని ఇంటికి కాగితం పంపారు.

గురువారం సాయంత్రం వాళ్ల నాన్న మా ఇంటికొచ్చాడు. వ్యాను ఆపి, చెప్పులు బయటే విడిచి, రెండు రొట్టెలు అవ్వ చేతికిచ్చాడు. నాన్న కుర్చీ లాగాడు.

"బ్రదర్, నేనే మా పిల్లతో గొడవపడుతున్నాను" అన్నాడు. "బడిలో ఉన్న ఐదు గంటలు తీసేస్తే దేవుడు కోప్పడడే అన్నాను. వినదు. ఇప్పుడు పేరు కొట్టేస్తారట. ఇసిపింగోలో మా చెల్లెలి ఇంటి దగ్గర ఒక ముస్లిం స్కూలు ఉంది, దాని ఫీజు నా వల్ల కాదు. మీ పాప ఒక్క మాట చెబితే చాలు. జుట్టు మీ దేవుడికిచ్చారని. ఒకరికి దేవుడి కోసం ఒప్పుకున్నాక ఇంకొకరికి కాదనలేరు కదా."

"ఓస్, అదేటి పెద్ద ముచ్చట!" అంది అవ్వ. "సెప్తాది. నిజమే కదేటి. అయినా ఆ పిల్ల సేసిన తప్పేటి? మా అత్త ముందర నాను నెత్తిన కొంగు లేకుండా ఏనాడైనా నిలబడినానా? తోటలో డూక్ గుడ్డ కట్టకపోతే నెత్తి మాడిపోయీది. కట్టుకుంటే ఒకడికేటి నొప్పి?"

నాన్న తలూపాడు. "శనివారం నాకు షిఫ్టు. ఇది వెళ్తుంది వాళ్లమ్మతో. చెప్తుంది" అన్నాడు. నేనూ తలూపాను. నా నేస్తం వాళ్ల నాన్న నా తలమీద చెయ్యి పెట్టబోయి, స్కార్ఫు చూసి, చెయ్యి వెనక్కి తీసుకుని నవ్వాడు. అమ్మ వంటింట్లోంచి బయటికి రాలేదు.

శుక్రవారం అమ్మ నా గదిలోకొచ్చి మంచం మీద కూర్చుంది. చాలాసేపు దుప్పటి మడతలు సరిచేసింది. "నేను మీ బడిలో చదివినప్పుడు నూనె రాసుకుని, నుదుట పసుపుతో వెళ్లేదాన్ని. చెరుకు తోటల వాసన, చెరుకు తోటల వాసన అని మిగతా పిల్లలు ముక్కు మూసుకునేవాళ్లు. టీచర్లు కూడా నవ్వేవాళ్లు. మన ఇండియన్ టీచర్లే" అంది. "ఇన్నాళ్లకి వాళ్ల ముందు ఒక ఉత్తరం టైపు చేసి, సంతకం పెట్టి ఇచ్చాను. నేను అబద్ధాలకోరునని అందరి ముందూ తేల్చకు. నేను రాసిందే చెప్పు. జ్వరం వచ్చిన మాట నిజమే కదా" అంది.

ఆ ఒక్క కారణమే అయితే నన్ను నేను ఎప్పుడో క్షమించుకునేదాన్ని. ఇంకోటి ఉంది. మతమని నేను ఒప్పుకుని, కమిటీ ఇద్దరినీ తీసేయమంటే? సోమవారం పొద్దున మగపిల్లల ముందు బోడిగుండుతో నిలబడాలి. పద్నాలుగేళ్ల దాన్ని. రాత్రంతా ఆలోచించింది ఆమె చదువు గురించి కాదు, నా గుండు గురించి.

బడి లైబ్రరీలో పొడుగు బల్ల. ఒక చివర టీ పాత్ర, వలగుడ్డ కప్పిన బిస్కెట్లు. కమిటీలో ఐదుగురు, మధ్యలో హెడ్మాస్టరు. ఇనుప సామాన్ల కొట్టాయన మొదలుపెట్టాడు. "ఇవాళ స్కార్ఫు అంటారు. రేపు ఒకడు బూడిద పూసుకొస్తానంటాడు. ఎల్లుండి ఇంకొకడు జులూలలా చేతికి మేకతోలు చుట్టుకొస్తానంటాడు. ఇది బడా, జాతరా?" ఇద్దరు నవ్వారు. కొత్తగా కమిటీలో చేరిన జులూ నర్సమ్మ నవ్వలేదు. "మా చర్చిలో మేమంతా తల కప్పుకునే వెళ్తాం. నాకిందులో వింతేమీ కనిపించడం లేదు" అంది. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చిన రొట్టెల వ్యాను ఆయన గోడ పక్కన కుర్చీ అంచున కూర్చున్నాడు. నా నేస్తం నిలబడే ఉంది. "అందరి దేవుడూ చొక్కా చేతి కింద దాక్కోడు సార్. కొందరికి దారం, కొందరికి గొలుసు. నాది కనిపిస్తుంది, అంతే" అంది. పాఠం ఒప్పజెప్పినట్టు లేదు, మామూలుగా చెప్పింది.

కమిటీ రెండుగా చీలింది. హెడ్మాస్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నాకు ఒక్కటే ముఖ్యం" అన్నారు. "ఒకరికో న్యాయం, ఇంకొకరికో న్యాయం నా బడిలో ఉండదు. ఈ అమ్మాయి మతం కోసమే కట్టుకుని ఉంటే, నేను తెలియక ఒప్పుకున్నట్టే. అప్పుడు రెండో అమ్మాయికీ ఒప్పుకుంటాను. జబ్బు వల్ల అయితే అది వేరు." నా వైపు తిరిగారు. "చెప్పమ్మా. నీ జుట్టు ఎందుకు తీశారు?"

అమ్మ తన హ్యాండ్‌బ్యాగు పట్టీని వేలికి చుట్టుకుంటోంది. నా నేస్తం నన్ను చూసి కొంచెం నవ్వింది, ఇక అయిపోయిందిలే అన్నట్టు.

"జ్వరం సార్" అన్నాను. "టైఫాయిడ్."

ఇనుప కొట్టాయన బిస్కెట్లు దగ్గరికి లాక్కున్నాడు. నా నేస్తం నన్ను ఇంకా చూస్తోంది. ఆ నవ్వు ఎప్పుడు పోయిందో నేను చూడలేదు, ఎందుకంటే బల్ల వైపు చూస్తున్నాను.

ఇంటికొచ్చాక అవ్వ గుమ్మంలోనే అడిగింది. అమ్మ సమాధానం చెప్పకుండా లోపలికి వెళ్లిపోయింది. నేను చెప్పాను. అవ్వ తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. మెట్టు మీద కూర్చుండిపోయింది.

"అమ్మోరికిచ్చిన జుట్టుని జొరానికి ఇచ్చీసినావేటే?" అంది. కొంగుతో మొహం తుడుచుకుని, "ఆ పిల్ల బడి కూడా దాంతోనే ఇచ్చీసినావు" అంది.

సోమవారం స్కార్ఫు తీసి రావాలని, లేకపోతే రావొద్దని వాళ్లింటికి కాగితం వెళ్లింది. సోమవారం వ్యాను రాలేదు. నడిచి వెళ్లాను. లెక్కల టీచరు పేర్లు పిలుస్తూ ఆమె పేరు దగ్గర ఆగి, తలెత్తి చూసి, మళ్లీ కిందికి చూసింది. మంగళవారమూ అంతే.

బుధవారం బడి వదిలాక వాళ్లింటికి పోయాను. మాంసం వేగుతున్న వాసన, యాలకుల వాసన. ఎప్పటిలాగే వాళ్లమ్మ టీ ఇచ్చింది, పళ్లెంలో బిస్కెట్లు పెట్టింది. ఆ మర్యాద చూసి కప్పు కింద పెట్టేశాను. నా నేస్తం లోపలి నుంచి వచ్చి ఎదురుగా కూర్చుంది. చేతిలో ఏదో కుట్టుపని ఉంది.

"నేను అబద్ధం చెప్పలేదు" అన్నాను. అంతకంటే చెత్త మాట నా జీవితంలో అనలేదు.

"తెలుసు. జ్వరం వచ్చింది కదా" అంది. సూదిలో దారం ఎక్కిస్తోంది. "నా గురించి చెప్పమని నేను అడగలేదు. నీ గురించి నిజం చెబితే చాలనుకున్నాను. అంతే."

గురువారం పొద్దున అసెంబ్లీలో, ప్రార్థన అయ్యాక, నేను పిన్ను తీశాను. ఎందుకు తీశానో, ఏం సాధిద్దామనుకున్నానో నాకు తెలీదు. స్కార్ఫు తీసి చేతిలో పట్టుకున్నాను. వెనక వరుసలో మగపిల్లలు కిచకిచలాడారు. చిన్నపిల్ల ఎవరో "అయ్యో" అంది. గుండు మీద ఇంకా వేలి మందమైనా పెరగని గరుకు వెంట్రుకలకి చలి తగిలింది. ఆ శుక్రవారం రాత్రంతా నేను భయపడ్డది దీనికేనా అనిపించింది. ఇంతేనా అనిపించింది.

హెడ్మాస్టరు మెట్టు దిగి నా దగ్గరికొచ్చారు. మొహం నిండా జాలి.

"కప్పుకో అమ్మా" అన్నారు మెల్లగా. "తల కప్పుకో. ఎవరూ ఏమీ అనరు."

"సార్, ఇది జ్వరం కాదు" అన్నాను. "మా అమ్మోరికి మొక్కు. జుట్టు అమ్మోరికిచ్చాం. ఆరోజు మీకు అబద్ధం చెప్పాను."

ఆయన మొహంలో లెక్క జరగడం నాకు కనిపించింది. శనివారం బల్ల దగ్గర తను అన్న మాట ఆయనకు గుర్తొచ్చింది. నాకూ గుర్తుంది. వెయ్యిమంది పిల్లలు చూస్తున్నారు. కమిటీ రాసుకున్న కాగితం సంతకాలతో సహా ఆయన గదిలో ఉంది.

"సరే. అయినా కప్పుకో" అన్నారు ఆయన. వెనక్కి తిరిగి మెట్టెక్కారు.

నేను కప్పుకున్నాను. ఆమె నేర్పినట్టే, నుదుటి దగ్గర మడత పెట్టి, గడ్డం కింద పిన్ను గుచ్చుకున్నాను. జుట్టు నాలుగు వేళ్లు పెరిగేదాకా, ఆ సంవత్సరం చివరి వరకూ, ఆ బడిలో నేనొక్కదాన్నే తల కప్పుకుని తిరిగాను.

మరుసటి ఏడాది ఒక సర్క్యులర్ వచ్చింది. మతం ప్రకారం తల కప్పుకోవచ్చు, యూనిఫాం రంగులో ఉంటే చాలు అని. నోటీసు బోర్డు మీద, వాలీబాల్ జట్టు పేర్ల పక్కన అంటించారు. ఇద్దరు ముగ్గురు పిల్లలు కట్టుకుని వచ్చారు. ఎవరూ తిరిగి కూడా చూడలేదు. అప్పటికి నా నేస్తాన్ని మేనత్త దగ్గర ఉంచడానికి ఇసిపింగో పంపేశారు. చదువుకి కాదు, మేనత్తకి కుట్టుపనిలో సాయానికి. పద్దెనిమిది నిండకుండానే పెళ్లయిందని విన్నాను. మందుల షాపు గురించి ఎవరినీ అడగలేదు. అడిగితే చెప్పేస్తారని భయం.

నన్ను వేధించేది శనివారం కాదు. ఆరోజు భయపడ్డాను, చిన్నదాన్ని, అమ్మ పక్కనే ఉంది. ఆ అబద్ధానికి ఒక సాకు దొరుకుతుంది. గురువారానికి సాకు లేదు. గురువారం పొద్దున ఎనిమిదింటికల్లా హెడ్మాస్టరుకి నిజం తెలిసిపోయింది. ఆయన మాట ప్రకారం ఆమె ఆ నిమిషం నుంచే తిరిగి రావచ్చు. ఆయన పిలిపించలేదు. నేనైనా ఆమె దగ్గరికి పోయి, "ఆయనకి చెప్పేశాను, ఇప్పుడు రా, ఎలా కాదంటారో చూద్దాం" అనాల్సింది. బడి నుంచి వాళ్లిల్లు ఇరవై నిమిషాల నడక. ఆమె ఇంకో నెల రోజులు ఆ ఇంట్లోనే ఉంది. నేను వెళ్లలేదు. వస్తే రోజూ నా ఎదురుగానే ఉంటుంది, రోజూ ఆ మొహం చూడాలి అనుకున్నాను. ఆయనకి అధికారం ఉంది, నాకు కాళ్లున్నాయి. ఆరోజు గంట కొట్టగానే ఆయన తన గదిలోకి వెళ్లారు. నేను లెక్కల క్లాసుకి వెళ్లాను.